సుషీలో సొరకాయ

"ఆ పచ్చిచేపల దేశానికి నన్నెందుకు లాక్కెళ్తావే?"

పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు అమ్మ అన్న మాట ఇది. వీసా వచ్చాక మరోసారి అంది. విమానం ఎక్కాక, సీటు బెల్టు పెట్టుకుంటూ ఇంకోసారి.

మా చెల్లెలు టోక్యోలో ఉంటుంది. నిషికసాయ్ అని, మనదేశం వాళ్లు ఎక్కువగా ఉండే పేట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఒకరి పక్కన ఒకరు చేరి అక్కడో చిన్న ఇండియా తయారుచేసుకున్నారు. కందిపప్పు, ఇంగువ, కరివేపాకు... దేనికీ లోటుండదు. 2024 ఏప్రిల్లో వాళ్లమ్మాయి ఎనిమిదో పుట్టినరోజు. అమ్మమ్మ రావాల్సిందేనని ఆ పిల్ల ఫోన్లో ఒకటే గొడవ. "వస్తాలే, పుట్టినరోజుకి ఏం చేసిపెట్టమంటావ్? బొబ్బట్లా, సున్నుండలా?" అని అమ్మ మురిపెంగా అడిగింది. "తెమకి సుషీ" అంది బుజ్జిది తడుముకోకుండా. ఫోను నా చేతికిచ్చేసి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. మాది నరసాపురం దగ్గర పల్లె. చేప మొప్ప ఎత్తి చూసి, అది గోదావరిలోంచి పొద్దున్న వచ్చిందో రాత్రి వచ్చిందో చెప్పగల మనిషి మా అమ్మ. పులస పులుసు పెట్టిన రోజున మా వీధిలో వాళ్లకు వేరే పనుండేది కాదు. నాన్న పోయాక కాశీ వెళ్లింది. అక్కడ మామూలుగా ఓ కాయో, పండో వదిలేసి వస్తారు కదా. అమ్మ చేపలు వదిలేసి వచ్చింది. మేం ఎవరం అడగలేదు, తనూ చెప్పలేదు. ఆ ఏడు పులస సీజన్లో చేపలబ్బాయి గుమ్మం ముందు నిలబడితే, "వద్దు నాయనా, ఇంక ఇటు రాకు" అనడం విని మాకు తెలిసింది. అప్పటికి ఆరేళ్లు.

అలాంటి మనిషిని సుషీ తినే ఇంటికి తీసుకెళ్తున్నామన్న దిగులు నాకూ లేకపోలేదు.

ఇంతకీ సుషీ అంటే పచ్చిచేప కాదు. మనలో నూటికి తొంభైమంది అలాగే అనుకుంటాం కాబట్టి ముందే చెప్పేస్తే ఓ పనయిపోతుంది. పచ్చిచేపను ముక్కలుగా కోసి ఉత్తినే తింటే అది సషిమి. సుషీ అంటే అన్నం. వెనిగరు, పంచదార, ఉప్పు కలిపిన పుల్లటి అన్నం. అసలు ఆ మాటకు మూలమే 'పులుపు' అని చెబుతారు. దానిమీద చేప పెట్టినా, ఉడికించిన రొయ్య పెట్టినా, గుడ్డట్టు పెట్టినా, లోపల దోసకాయ ముక్క పెట్టి చుట్టినా అన్నీ సుషీలే.

మొదట్లో కథ తిరగబడి ఉండేది. చేపను నిలవ చేయడం కోసం ఉప్పు పట్టించి, వండిన అన్నంలో కూరి, నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి చేపను కాపాడేది. తినేటప్పుడు చేపను తీసుకుని అన్నాన్ని పారేసేవారు! బివా సరస్సు చుట్టుపక్కల 'ఫునజుషి' పేరుతో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. రానురాను జనానికి ఓపిక తగ్గింది. పులియబెట్టడం ఎందుకు, అన్నంలో వెనిగరు పోస్తే పులుపు అదే వస్తుంది కదా అనుకున్నారు. 1820ల్లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, హనయా యోహే అనే ఆయన అన్నం ముద్ద మీద చేపముక్క పెట్టి అక్కడికక్కడే చేతికివ్వడం మొదలుపెట్టాడని చెబుతారు. వీధి బండి మీద నిలబడి తిని వెళ్లిపోయే తిండి అది, మన మిరపకాయ బజ్జీల్లాగ. ఇవాళ గింజా వీధుల్లో ఒక్కొక్కరికి వేల యెన్లు తీసుకునే సుషీకి పుట్టుక అక్కడ.

తిరిగే ప్లేట్లు

వెళ్లిన రెండో రోజే మరిది మమ్మల్ని 'కైతెన్' సుషీ హోటల్‌కి తీసుకెళ్లాడు. అంటే ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ మన ముందుకు వచ్చేవి. 1958లో ఒసాకాలో యోషియాకి షిరైషి అనే హోటలాయన దీన్ని ప్రారంభించాడు. పనివాళ్లు చాలక ఇబ్బంది పడుతుంటే, బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వెళ్లడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. ఇప్పుడు చాలాచోట్ల తిరగడం తగ్గిపోయింది. 2023 జనవరిలో ఓ కుర్రాడు హోటల్లో సాస్ సీసాను నాకి వీడియో తీయడంతో దేశమంతా గగ్గోలైంది. ఆ తరవాత టచ్‌స్క్రీన్ మీద మనం నొక్కితే మనకోసమే సర్రున వచ్చి ఆగే ప్లేట్ల వాడకం ఇంకా పెరిగింది. ప్లేటుకు రెండు ముక్కలు. ఒకప్పుడు ఏ ప్లేటైనా 100 యెన్లే అని గొప్పగా చెప్పుకొనేవారు. 2022లో కొన్ని పెద్ద హోటళ్లు ఆ ధరను వదిలేసుకున్నాయి. తిన్న ప్లేట్లు పక్కన పేర్చుకుంటే బిల్లు అదే. పిల్లలకు ఇదో ఆట. బుజ్జిది తన ఎత్తుకు సగం వచ్చేదాకా పేర్చింది.

కూర్చోగానే నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఎదురుగా చిన్న కుళాయి ఉంది. చెయ్యి కడుక్కోవడానికి ఎంత సదుపాయం పెట్టారో అనుకుంటూ వేళ్లు కిందపెట్టి నొక్కబోయాను. "పెద్దమ్మా!" అని బుజ్జిది కేక పెట్టి నా చెయ్యి లాగేసింది. అది టీకి మరిగే నీళ్లు. డబ్బాలో ఉన్న గ్రీన్ టీ పొడి కప్పులో వేసుకుని, ఆ నీళ్లు పట్టుకుని తాగాలి. మీరెప్పుడైనా వెళ్తే గుర్తుపెట్టుకోండి, చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు వేరే ఇస్తారు.

సుషీ దగ్గర నాకిది రెండో పరాభవం. మొదటిది చాన్నాళ్ల కిందట హైదరాబాద్‌లో జరిగింది. ఓ విందులో ప్లేటు అంచున పచ్చగా ఉన్న ముద్దను పుదీనా పచ్చడి అనుకుని చెంచాడు నోట్లో వేసుకున్నాను. అది వసాబి. నాలుక్కేమీ కాలేదు, ముక్కులోంచి మాడు దాకా మంట ఎగిసింది. ఐదు నిమిషాలు కళ్లలో నీళ్లు ఆగలేదు. సుషీ హోటళ్లలో వసాబికి ముద్దుపేరు 'నమిదా' అట. అంటే కన్నీళ్లు. నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఈ కథ విని అమ్మ వసాబిని చిటికెన వేలి కొసతో అందుకుని నాలుక మీద పెట్టుకుంది. రెండు క్షణాలు కళ్లు మూసుకుంది. "ఆవపిండే ఇది" అంది.

నిజమే. ఆవాలు నూరినప్పుడు పుట్టే ఘాటు పదార్థమే వసాబిలోనూ ఉంటుంది. కొత్త ఆవకాయ జాడీ మూత తీస్తే ముక్కుకు తగిలేదీ, ఇదీ చుట్టాలు. అసలైన వసాబి చల్లటి ఏటినీళ్లలో పెరిగే మొక్క దుంప. ఖరీదు ఎక్కువ. అందుకని మామూలు హోటళ్లలో పెట్టేది చాలామటుకు హార్స్‌రాడిష్ అనే వేరే దుంప పొడికి ఆకుపచ్చ రంగు కలిపింది.

బుజ్జిదానికి ఇష్టమైనది సాల్మన్. నారింజ రంగు ముక్క, మధ్యలో తెల్ల చారలు. తమాషా ఏమిటంటే, ఇవాళ జపాన్ పిల్లలు ఎగబడే సాల్మన్ సుషీ వాళ్ల తాతలకు తెలియదు. అక్కడి సముద్రపు సాల్మన్లో పురుగు భయం ఉండటంతో కాల్చుకునో ఉప్పు పెట్టుకునో తినేవారు గానీ పచ్చిగా ముట్టేవారు కాదు. చెరువుల్లో చేపలు పెంచినట్టు సాల్మన్‌ను సముద్రంలో వలల మధ్య మేతపెట్టి పెంచే నార్వే, తమ చేపలో ఆ భయం లేదంటూ 1980ల నడుమ నుంచి ఏళ్ల తరబడి ప్రచారం చేసి వాళ్లకు అలవాటు చేసింది. "ఇదీ మన పులసలాంటిదేనమ్మా, సముద్రంలోంచి ఏట్లోకి ఎదురీదుతుంది" అని చెప్పాను. అమ్మ ఆ ముక్కను ఓసారి చూసి, "కొవ్వు బాగా పట్టింది" అంది. అంతే, చూపు తిప్పేసుకుంది.

అమ్మకోసం చెల్లెలు దోసకాయ చుట్టలు చెప్పింది. కప్ప మకి అంటారు. కప్పంటే మన కప్ప కాదు, దోసకాయలంటే ప్రాణమిచ్చే నీటి దయ్యం! అన్నం మధ్యలో కీరా ముక్క, పైన నల్లటి సముద్రపు నాచు రేకు. అమ్మ రెండు ముక్కలు తిని, మూడోది తనే తీసుకుంది. మా ఇద్దరికీ హమ్మయ్య అనిపించింది.

అన్నట్టు, చేత్తో తినడం తప్పు కాదు. నిగిరి, అంటే ముద్ద మీద ముక్క పెట్టినది, చేత్తో తినడం పాత పద్ధతే. సాస్‌లో అన్నం వైపు ముంచితే ముద్ద విచ్చిపోతుంది, చేప వైపు ముంచాలి. పక్కన పెట్టే అల్లం నంజుకోవడానికి కాదు, ఒక రుచికీ ఇంకో రుచికీ మధ్య నోరు శుభ్రం కావడానికి. ఈ రెండిటికీ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పట్టించుకునేది మాత్రం ఒకటుంది. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరు పుల్లలతో అందుకోకూడదు. మొదటిది పోయినవాళ్లకు పెట్టే అన్నం, రెండోది దహనం తరవాత ఎముకలు ఏరే తీరు. ఇది మాత్రం అమ్మకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

సొరకాయలో చేప

మర్నాడు సూపర్‌మార్కెట్లో చెల్లెలు ఇంకో రకం తెచ్చింది. నల్ల రేకులో తెల్లన్నం, నడిమధ్య గోధుమరంగు నార. తీపి తీపిగా, ఉప్పు ఉప్పుగా, పంటికింద కాస్త సాగుతూ ఉంది. కంప్యో మకి. "ఏంటే ఇది?" అంది అమ్మ. చెల్లెలు ఫోన్లో వెతికి చూపించింది. సొరకాయ!

గుండ్రటి పెద్ద సొరకాయను తిప్పుతూ రిబ్బనులాగా చెక్కి, కర్రల మీద ఆరేసి, ఎండబెడతారు. మనం వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు పెట్టుకున్నట్టు సొరకాయ ఒరుగులన్నమాట. టోక్యోకు ఉత్తరాన ఉన్న తొచిగి ప్రాంతంలో 300 ఏళ్లుగా ఇదే పని. జపాన్లో పండే కంప్యో దాదాపు అంతా అక్కడిదే. ఎండిన నారను నానబెట్టి, ఉడికించి, సోయా సాస్‌లో పంచదారతో మగ్గబెట్టి సుషీలో పెడతారు. పచ్చిచేపల దేశంలో సొరకాయ ఒరుగులు చూసి అమ్మ మొహం వికసించింది. మూడు రోజులు వరసగా అదే. పొద్దున్న నిద్రలేచి పూజయ్యాక, "ఆ సొరకాయది ఉందా?" అని తనే అడిగేది.

నాలుగో రోజు చెల్లెలు ఖాళీ పెట్టె చెత్తబుట్టలో వేయబోయి ఆగిపోయింది. అట్టమీది అక్షరాలు చదివి నన్ను గదిలోకి పిలిచింది.

అందులో కట్సువోబుషి ఉంది.

బొనిటో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, కర్రలాగా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రికపట్టినట్టు పొరలుగా చెక్కి, వేడినీళ్లలో వేసి ఆ సారం తీస్తారు. దాన్ని 'దషి' అంటారు. జపాన్ వంటకు అది పునాది. మిసో సూపులో అదే, నూడుల్స్ పులుసులో అదే, గుడ్డట్టులో అదే, కూరగాయలు ఉడికించే నీళ్లూ అవే. పైకి ఎక్కడా చేపముక్క కనిపించదు. టోఫు సంచీల్లో అన్నం కూరిన ఇనారి సుషీ చూస్తే శాకాహారమే అనిపిస్తుంది, దాన్ని ఉడికించేదీ చాలాసార్లు ఈ నీళ్లలోనే. కనిపించే చేపను తప్పించుకోవడం తేలిక. సొరకాయలోకి ఇంకిన చేపను ఎలా తప్పించుకుంటాం?

"చెప్పొద్దక్కా, ఇంకో పది రోజుల్లో వెళ్లిపోతుంది. ఇకనుంచి కొననులే" అంది చెల్లెలు. నేను ఊఁ అనలేదు, కాదనలేదు. ఇద్దరం గుసగుసలాడి బయటికొచ్చేసరికి అమ్మ సోఫాలో కూర్చుని మా మొహాలే చూస్తోంది. దాచిపెట్టడం మాకెప్పుడూ చేతకాలేదు. చెప్పేశాం.

అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్లి స్నానం చేసి వచ్చి, దీపం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. వచ్చాక, "తెలీక తిన్నదానికేముందిలే" అంది. చెల్లెలు ఏడుస్తోంది. "నువ్వు ఏడవకు. గదిలోకెళ్లి తలుపేసుకున్నారు చూడు... అది బాలేదు" అంది. ఆ రోజు నుంచి పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. అదీ తనే వండుకుంది. పుట్టినరోజు ఇంకా మూడు రోజులుంది.

పక్క ఫ్లాట్లో ఓ పెద్దావిడ ఉంటారు. రిటైరైన టీచరు. చెల్లెలు ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే బుజ్జిది వాళ్లింట్లోనే ఉంటుంది. ఒబాచాన్ అని పిలుస్తుంది, అంటే నాన్నమ్మ, అమ్మమ్మ ఏదైనా. ఆ పిల్ల వెళ్లి ఈ కథంతా ఆవిడకు చెప్పేసింది. ఎలా చెప్పిందో ఏమో! సాయంత్రం ఆవిడ తలుపు తట్టి, లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే నడుం వంచి చాలాసేపు ఏదో చెప్పారు. బుజ్జిది తెలుగు చేసింది. "అమ్మమ్మా, నీకు చేప లేని నీళ్లు తనే చేస్తుందట. గుళ్లో స్వాములు తినేవి."

జపాన్ బౌద్ధ మఠాల్లో షోజిన్ అనే వంట ఉంది. చేప, మాంసం ముట్టరు. దషి కోసం కొంబు అనే దళసరి సముద్రపు నాచునూ, ఎండు షిటాకె పుట్టగొడుగులనూ రాత్రంతా చన్నీళ్లలో నానబెడతారు. ఆ నీళ్లకూ ఓ కమ్మదనం ఉంటుంది. ఆవిడ ఓ ప్యాకెట్ కంప్యో, కొంబు ముక్క, గుప్పెడు పుట్టగొడుగులు తెచ్చి మా వంటింట్లో పెట్టారు. అన్నీ అమ్మ ఎదురుగానే చేస్తానన్నారు. అమ్మ ప్రతి ప్యాకెట్టునూ బుజ్జిదానికిచ్చి చదివించుకుంది. ఆ పిల్ల వేలుపెట్టి ఒక్కో అక్షరం చదువుతుంటే ఆ ఒబాచాన్ తప్పు పట్టుకోకుండా నిలబడ్డారు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది అప్పుడే.

అమ్మ కనిపెట్టింది

పుట్టినరోజు సాయంత్రం వంటింట్లో ఇద్దరు అమ్మమ్మలు. భాష తెలియదు, మధ్యలో ఎనిమిదేళ్ల దుబాసీ.

ఒబాచాన్ బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా ఐదారుసార్లు కడిగి, అరగంట నానబెట్టారు. 300 గ్రాముల బియ్యం. గ్లాసుకు గ్లాసు నీళ్లు, పైన రెండు చెంచాలు, అందులో చిన్న కొంబు ముక్క. ఉడికేలోగా నాలుగు పెద్ద చెంచాల బియ్యపు వెనిగరులో రెండు పెద్ద చెంచాల పంచదార, ఓ చిన్న చెంచా ఉప్పు వేసి, కరిగేదాకా గోరువెచ్చగా చేశారు. మరగనివ్వకూడదు. వేడివేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో బోర్లించి, వెనిగరు చల్లుతూ గరిటెతో కోస్తున్నట్టు కలిపారు. మెదపకూడదు, మెతుకు చితక్కూడదు. కలుపుతూనే, ఇంకో చేత్తో విసనకర్ర తీసుకుని విసరడం మొదలెట్టారు.

అంతవరకు గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ ముందుకొచ్చింది. ఆవిడ చేతిలోంచి విసనకర్ర తీసుకుంది. "పులిహోరకి ఆరబోసినట్టే!" అంది.

పెద్ద పళ్లెంలో అన్నం ఆరబోసి, విసురుతూ, మెతుకు విరక్కుండా పులుపు పట్టించడం మా అమ్మ చెయ్యని పండుగ లేదు. అక్కడ చింతపండు, ఇక్కడ వెనిగరు. మధ్యలో ఆవపిండిలాంటి వసాబి ఉండనే ఉంది. మా వైపు ఆవ పెట్టిన పులిహోర తిన్నవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. ఒకటే తేడా. పులిహోర పొడిపొడిగా రాలాలి, అందుకే నూనె వేస్తాం. సుషీ అన్నం వేళ్లమధ్య ముద్ద కట్టాలి, నోట్లో పడగానే విడిపోవాలి. అది బియ్యంలోనే ఉంది. జపాన్ బియ్యం పొట్టిగింజ, జిగురెక్కువ. మన సోనామసూరి వేరే జాతి.

సుషీ హోటళ్లలో ఈ అన్నాన్ని 'షరి' అంటారు. తెల్లటి మెతుకులు బుద్ధుడి ధాతువుల్లా ఉంటాయని ఆ పేరట. ఆ షరి మన సంస్కృతంలోని 'శరీర' శబ్దమే. భట్టిప్రోలు స్తూపంలో ధాతువుల భరిణెలు దొరికిన నేల నుంచి వెళ్లిన మాకు ఆ మాట కొత్తేమీ కాదు కదా! ఆ దేశంలో సుషీ నేర్చుకోవడానికి వెళ్లిన కుర్రాళ్లకు చేప ముట్టుకోవడం చాలా ఆలస్యంగా దక్కుతుంది, ముందు అన్నం, గుడ్డట్టు. 2011లో వచ్చిన 'జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ' డాక్యుమెంటరీలో ఒకతను దాదాపు 200 సార్లు గుడ్డట్టు వేస్తే గానీ గురువు సరే అనడు.

తెమకి అంటే చేతి చుట్ట. ఇళ్లలో పార్టీ అంటే ఇదే, ఎందుకంటే వంటావిడ కష్టపడనక్కర్లేదు. బల్ల మధ్యలో అన్నం తొట్టి, చుట్టూ చిన్న చిన్న పళ్లేలు. కీరా, అవకాడో, గుడ్డట్టు, ఉడికించిన రొయ్యలు, సాల్మన్, ట్యూనా. పక్కన సగానికి కోసిన నాచు రేకులు. ఎవరికి వాళ్లు రేకు అరచేతిలో పెట్టుకుని, మూలగా రెండు చెంచాల అన్నం వేసి, కావలసింది పెట్టి, వేరుశనక్కాయల పొట్లంలాగా చుట్టుకోవడమే. చుట్టిన వెంటనే తినేయాలి. ఆలస్యమైతే రేకు మెత్తబడి సాగుతుంది.

ఈ నాచు రేకు గురించి ఒక్క మాట. నోరి అంటారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత దాని పంట దారుణంగా పడిపోయింది. అప్పట్లో వేసవిలో ఆ నాచు ఎక్కడికి మాయమవుతుందో ఎవరికీ తెలియదు. కాథ్లీన్ డ్రూ బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాని పిల్లదశ గవ్వల్లో, గుల్లల్లో దాక్కుంటుందని కనిపెట్టి 1949లో ప్రకటించింది. దాంతో జపాన్‌వాళ్లు గుల్లల మీద నారు పెంచడం నేర్చుకున్నారు. ఆవిడ 1957లో పోయింది, ఎన్నడూ జపాన్ చూడలేదు. కుమమొతో ప్రాంతంలోని ఉతోలో ఆవిడకు స్మారకం కట్టి, 'సముద్రమాత' అని ఏటా ఏప్రిల్ 14న పండుగ చేస్తారు.

ఆ రోజు బల్లకు ఓ చివర చేపలు, ఇంకో చివర అమ్మ. మధ్యలో పది రకాల పళ్లేలు. అమ్మ దగ్గర ఒబాచాన్ మగ్గబెట్టిన సొరకాయ, వేరే చెంచా, వేరే గిన్నె. బుజ్జిది తన సాల్మన్ చుట్ట తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, అమ్మమ్మకో సొరకాయ పొట్లం చుట్టి ఇచ్చింది. అమ్మ అది తిన్నాక, వెళ్లి బుజ్జిదాని పళ్లెం ముందు నిలబడి, సాల్మన్ ముక్కలను కాసేపు చూసి చెల్లెలితో అంది: "కత్తి పదునుగా లేదు. అంచులు చూడు ఎలా చెదిరాయో."

మనింట్లో చేసుకోవాలంటే...

జపాన్ రకం బియ్యం, నోరి, బియ్యపు వెనిగరు ఇప్పుడు హైదరాబాద్ పెద్ద సూపర్‌మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. బాస్మతితో ప్రయత్నించకండి. సోనామసూరితో నేను చేశాను, కోయగానే కుప్పకూలింది. అన్నం ఫ్రిజ్‌లో పెడితే రాయిలా అవుతుంది, తడిగుడ్డ కప్పి ఆ పూటకే తినేయాలి. లోపల కీరా, క్యారెట్, అవకాడో, పనీర్, ఉడికించిన రొయ్యలు... మీ ఇష్టం.

పచ్చిచేప మాత్రం వద్దు. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. మన మార్కెట్లో ఎంత తాజా చేప దొరికినా, అది వండుకోవడానికి పట్టింది, వండుకోవడానికి అమ్మింది. ఇక రవ్వ, బొచ్చె, కొర్రమీను లాంటి మంచినీటి చేపలను పచ్చిగా తినడం అంటే కాలేయంలోకి పురుగులను పిలవడమే. సముద్రపు చేపలో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు. వెనిగరు, వసాబి, సోయా దాన్ని చంపవు. మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని జపాన్ ఆరోగ్యశాఖే చెబుతుంది. మనింటి ఫ్రిజ్ అంత చల్లగా ఉంటుందన్న నమ్మకం లేదు. గర్భిణులు, చిన్నపిల్లలు, ఒంట్లో బాగాలేనివాళ్లు హోటల్లో కూడా వండినవే అడగడం మేలు. శాకాహారులు 'చేప ఉందా' అని కాకుండా 'దషి దేంతో చేశారు' అని అడగాలి. మొదటి ప్రశ్నకు వాళ్లు నిజాయితీగానే లేదంటారు.

2025 మే నెలలో నరసాపురం వెళ్లాను. డాబా మీద వడియాల పక్కన తీగలకు సొరకాయ రిబ్బన్లు వేలాడుతున్నాయి. అమ్మ ప్రతి కాయనూ కోసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని, చేదుందేమో చూసి పక్కన పెడుతోంది. చేదు సొరకాయ తినకూడదు, విషం. ఎండకు రెండు రోజుల్లోనే రిబ్బన్లు గలగలలాడాయి. ఫొటో తీసి చెల్లెలికి పంపాను. సాయంత్రానికి బుజ్జిదాని వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అమ్మమ్మా, ఒబాచాన్ చూసింది. చాలా బాగుందట. కానీ వెడల్పు ఎక్కువైందట. మూడు సెంటీమీటర్లే ఉండాలట."

అమ్మ కళ్లజోడు సవరించుకుని రిబ్బన్ల వైపు చూసింది. "మన కాయ పొడుగు, వాళ్ల కాయ గుండ్రం. ఆవిడికేం తెలుసు?" అంది. తరవాత ఫోను తీసుకుని, మైకు దగ్గరగా పెట్టుకుని గట్టిగా చెప్పింది. "ఒసే బుజ్జీ, ఆవిణ్ని ఓసారి నరసాపురం రమ్మను. వచ్చి కోసి చూపించమను."